పరిహారం పడిన ఖాతా

ఆ ఏడు వినాయక చవితికి ముందు పట్టుకున్న వాన ఎంతకీ విడవలేదు. కోహీర్ దగ్గర మేము కౌలుకు చేస్తున్న అల్లం చేనంతా నీళ్ళు నిలిచాయి. నీళ్ళు ఇంకిపోయేసరికి ఆకులు పసుపు తిరిగాయి. నా భర్త ఒక మొక్క పీకి దుంపను నలిపి చూసి నా చేతిలో పెట్టాడు. మెత్తగా కుళ్ళిపోయింది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. విత్తనానికని అమ్మేసిన బర్రె మాట ఎవరమూ ఎత్తలేదు.

నష్టం రాసుకోవడానికి వ్యవసాయ శాఖ కుర్రాడు వచ్చాడు. ఫోన్లో చేను ఫోటోలు తీసుకుని పట్టా పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. భూమి ఒక పెద్దామెదని, భర్త పోయాక బీదర్‌లో కూతురి దగ్గర ఉంటోందని చెప్పాం.

"పట్టా ఎవరిదైతే గా ఖాతలనే పైసలు పడ్తయి అక్కా. కౌలుదారు పేరు ఎక్కియ్యనీకి ఇందుల జాగనే లేదు" అన్నాడు.

అతన్ని ఏమనగలం? మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. తర్వాత నా భర్త జహీరాబాద్‌లోని వ్యవసాయ ఆఫీసు చుట్టూ తిరిగాడు. వెళ్ళినప్పుడల్లా వచ్చే వారం రమ్మన్నారు. చివరికి నేనే వద్దన్నాను. అతనికీ ఓపిక అయిపోయింది.

పెద్దామెకు ఫోన్ చేసి సంగతి చెబితే, చేను చేసింది మీరే కదా, డబ్బు పడితే మీకే ఇస్తానంది. చలికాలంలో పక్క చేల వాళ్ళకు పరిహారం పడింది. ఆమె మాత్రం ఫోన్ ఎత్తడం మానేసింది. అందరి లాంటిదే ఆమె కూడా అన్నాడు నా భర్త. అందులో కోపం కూడా లేదు.

ఒక మధ్యాహ్నం ఆమే ఆటో దిగి, వాచిన మోకాళ్ళు పట్టుకుంటూ మా అరుగెక్కింది. నీళ్ళు తాగి, కాసేపు ఊపిరి తీసుకుని చెప్పింది.

"పైసలు పడ్డయి బిడ్డా. పడ్డ నాడే బ్యాంకోళ్ళు పట్టుకున్నరు. మా ముసలాయన అప్పు కింద జమ జేస్కున్నరు."

బ్యాంకుకు కూతురిని వెంటబెట్టుకుని పోయి బతిమాలిందట. వినలేదట. మరి ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగాను.

"ఫోన్ల జెప్తె నమ్ముతరో నమ్మరో అని, మొకాన జెప్పి పోదామని నేనే వచ్చిన."

ఈ ఏటి కౌలు అడగనని ఆమె అంది. ఆ కౌలుతోనే ఆమె మందులు కొనుక్కుంటుందని మాకు తెలుసు. కొత్తగా వేసిన జొన్న చేతికొచ్చాక సగమైనా ఇస్తామన్నాడు నా భర్త. ఆమె రొట్టె తిని, చాప మీద కాసేపు కన్ను మూసింది. పొద్దు వాలకముందే నేను రోడ్డు దాకా వెళ్ళి ఆటో ఎక్కించాను. దారి పొడుగునా నా భుజం పట్టుకునే నడిచింది.

అల్లం తీసేసిన చేనులో జొన్న ఓ మోస్తరుగా పండింది. సగం కౌలు నా భర్తే బీదర్ తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆమె తీసుకుందని చెప్పి, కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు. ఆ చేను ఇప్పటికీ మేమే చేస్తున్నాం. అల్లం మాత్రం మళ్ళీ వేయలేదు. వేయడానికి చేతిలో ఏమీ లేదు, ఉన్నా మనసొప్పదేమో.