తోటలో అవ్వ చెయ్యి

కొత్త ఫ్రేము ఇంకా వార్నిష్ వాసన కొడుతోంది. పెత్రమాస నాడు, పోయిన పెద్దలకు పెట్టుకునే రోజున, కామారెడ్డిలో మా ఇంటి గోడకు దాన్ని తగిలించి "అత్తా, ఎట్ల మెరుస్తుందో చూడు" అన్నాడు మా మేనల్లుడు. మెరుస్తోంది, ఎందుకు మెరవదు! ఆ ఫోటోలో నాకు ఐదేళ్ళు, తమ్ముడికి మూడు. ఇద్దరం తోటలో నిలబడ్డాం. మా వెనక పూసిన పూలను నేను జన్మలో చూడలేదు. వీడు ఫోన్లో నా బుగ్గలకు రంగు పూశాడు. పూస్తే పూశాడు, మా అవ్వ చెయ్యి ఏది?

అది ఎల్లారెడ్డి డాక్ బంగ్లా తోట, మా చిన్నాయన అక్కడ తోటమాలి. బతుకమ్మ రోజులు, గట్ల మీద తంగేడు విరగబూసి, చేలల్లో గునుగు తెల్లగా తలలూపుతూ, మలీద ముద్దల బెల్లం వాసన అమ్మ కొంగుకు కూడా అంటుకుని ఉండే రోజులు. ఊరినిండా అన్ని పూలుండగా, ఫోటో తీసేటాయన వచ్చాడని, చెవుల మీదికి కారేంత నూనె రాసి, మొహానికి తెల్లగా పౌడరు కొట్టి, మెడ గీరుకునే దసరా గౌను తొడిగి, పోయి పోయి క్రోటన్ మొక్కల ముందు నిలబెట్టారు. పాత ఫోటోల్లో పిల్లలు తోటలో పట్టుబడ్డ దొంగల్లా ఎందుకుంటారో నన్నడగండి. పండ్లు కనబడతాయి, నవ్వొద్దన్నారు. ఎండ పొడుస్తున్నా కళ్ళు మూయొద్దన్నారు. ఎర్రచీమలు కాళ్ళెక్కుతుంటే నేను ఉరకబోయాను.

"కదలకు పోరీ! రీల్ల ఒక్కటే మిగిలింది" అని అరిచాడు ఫోటో ఆయన.

అవ్వంటే మా నాయనమ్మ. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. పెండ్లిళ్ళలో కెమెరా కనబడితే చాలు, వంటల దగ్గరికి జారుకునేది. మరి మా ఆయుష్షు సంగతేమిటో ఎవరూ అడగలేదు! ఆనాడు క్రోటన్ల వెనక నక్కి, చెయ్యి ఒక్కటే చాపి, నా గౌను భుజం దగ్గర పిడికిట పట్టింది. "సప్పుడు చెయ్యక నిలవడు బిడ్డా, అయిపోతది" అంది. పచ్చబొట్టు, మట్టిగాజులతో మోచేతి దాకా అవ్వ ఫోటోలో పడింది.

ఆమె పోయాక ఇల్లంతా వెతికినా ఆ చెయ్యి తప్ప ఇంకో ఫోటో దొరకలేదు. అందుకే ఏటా పెత్రమాసకు ఆమె కొడుకు, మా బాపు, అద్దం మీద ఆ చేతికే కుంకుమ పెట్టి, దాని ముందే విస్తరి వేసేవాడు. బాపు తర్వాత నేను పెడుతున్నాను. హాస్టళ్ళలో పెరిగిన మేనల్లుడికి ఇదేం తెలుసు?

"చెయ్యేడ పోయిందిరా?"

"ఎవరిదో అడ్డమొచ్చింది గదా అత్తా, అద్దం మీదికెల్లే ఫోటో కొట్టి ఫోన్ల తుడిచేసిన. ఎర్రటి మరక గూడ ఉండె."

"మరకా! బొట్టురా అది! నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. పాత ఫోటో ఏది?"

"అద్దానికి అతుక్కపోయి చినిగింది. ఫ్రేము కట్టేటాయన పారేసిండు. ఫోన్ల ఉన్నది గూడ డిలీట్ కొట్టిన."

తిట్టి తిట్టి నా నోరు నొచ్చింది. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ తోట పోయి దుకాణాలొచ్చాయి, చిన్నాయన లేడు, ఇప్పుడు ఈ చెయ్యి కూడా లేదు. విస్తరిలో అన్నం చల్లారుతోంది. కుంకుమ వేలికద్దుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపొచ్చింది.

అప్పుడు చూశాను. చెయ్యిని తుడిచేశాడు కానీ గౌను జోలికి పోలేదు. భుజం దగ్గర బట్ట ఇంకా ముడతలుపడి, ఒక పక్కకు గుంజినట్టే ఉంది. బొట్టు అక్కడ పెట్టాను.

"అయ్యో అత్తా, గది నీ భుజం! బతికున్నోళ్ళకు పెడ్తరా?"

"నువ్వు నోర్ముయ్. ఆమె పట్టుకున్న జాగ గది."