సుహైబ్ మాటను కత్తిరించిన రోజు

ఇర్బిద్ పట్నంలోని యూనివర్సిటీలో మేం చదువుకునే రోజుల్లో ఎవరి ఫోన్ మొరాయించినా సుహైబ్ దగ్గరికే వెళ్లేవాళ్లం. పాస్‌వర్డ్ మరిచిపోయిన లెక్చరర్లు కూడా అతణ్ణే పిలిచేవారు. "ఇందులో నాకు తెలియనిది లేదురా" అనేవాడు నాతో.

మూడో ఏడాదిలో తమాదుర్ అనే అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులో పాఠం వివరిస్తూ తడబడింది. లోయలోని టమాటా తోటల ఊరు ఆమెది. మైకు ఆపేశాననుకుని, "అమ్మా, నావల్ల కాదే" అని తన ఊరి యాసలో గొణుక్కుంది. సుహైబ్ క్లాసు వీడియోలోంచి ఆ మాటను కత్తిరించి, ఆమె బిక్కమొహానికి మేక అరుపు జోడించి, పేరులేని అకౌంట్ నుంచి వదిలాడు. సాయంత్రానికల్లా యూనివర్సిటీ అంతా పాకింది. ఎవరి పనో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ పగలబడి నవ్వాను.

పది రోజుల తర్వాత మేమిద్దరం క్యాంటీన్‌లో ఫలాఫెల్ తింటుంటే తమాదుర్ వచ్చింది.

"సుహైబ్ అన్నా, ఇదెవరు చేశారో మీరైతే కనిపెట్టగలరంటున్నారు. బళ్లో మా చెల్లెల్ని కూడా మేకా, మేకా అని ఏడిపిస్తున్నారు. నాన్న చదువు మానెయ్యమంటున్నాడు."

లాక్ తీసి తన ఫోన్ అతని చేతిలో పెట్టింది. "అవసరమైతే ఉంచుకోండి. మీ మీద నాకు నమ్మకముంది."

సుహైబ్ తలెత్తలేదు. "చూస్తాను" అన్నాడు.

ఆ పూటే అకౌంట్ తీసేశాడు. కానీ మర్నాడు అదే వీడియో కొత్త పాటతో మళ్లీ వచ్చింది. దాన్ని పంచుకున్న ఒక్కొక్కరినీ తీసెయ్యమని బతిమాలాడు. "నీకెందుకురా అంత బాధ?" అని నవ్వారు. తన చేతుల్లోంచి జారిపోయిన దాన్ని వెనక్కి తెచ్చే విద్య అతని దగ్గర లేదు.

మూడో రోజు తమాదుర్ బస్సెక్కే బస్టాండుకి నన్నూ తోడు తీసుకెళ్లాడు. ఫోన్ ఆమెకిచ్చి, "అది చేసింది నేనే" అన్నాడు.

ఆమె ఫోన్‌ను సంచిలో వేసుకుంది. "మరి ఈ రెండు రోజులూ నా ఫోన్ ఎందుకు పెట్టుకున్నారు?"

ఆమె నావైపు తిరిగింది.

"మీకూ తెలుసా?" అని నన్నడిగింది. నేను నేలచూపులు చూశాను. ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది.

సుహైబ్ తానే డీన్ గారికి రాసిచ్చాడు. ఒక సెమిస్టర్ బయట ఉండమన్నారు. ఆ రాతలో నా పేరు లేదు, నేనూ వెళ్లి చెప్పలేదు.

తమాదుర్ చదువు మానలేదు. పట్టాలిచ్చిన రోజున సుహైబ్ ఆమెకు అభినందనలు చెబుదామని రెండడుగులు వేశాడు. పక్కన ఆమె తండ్రి, ఎండకు నల్లబడ్డ చేతులతో ఆ పట్టాను పదే పదే తడుముతున్నాడు. సుహైబ్ అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి వెనక గేటు వైపు నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.