చేపముల్లు ఆమోసు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లో ఆమోసుకు ఉన్న జబ్బు ఒకటే, పరీక్షలు చేయించుకోవడం. జ్వరానికీ దగ్గుకీ ఆయన ఏ డాక్టరు గడపా తొక్కి ఎరగడు. చెవి, ముక్కు, గొంతు పరీక్షలంటే మాత్రం తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చేవాడు.

తాల్‌బగీచాలో డాక్టర్ మైతీ దగ్గర వినికిడి పరీక్షలు చేసే మీనాకుమారికి ఆయన చిన్నప్పటినుంచీ తెలుసు. ఒకే కాలనీ. ఆమె బడికి వెళ్ళే వేళకి ఆమోసు ఇంజను దిగి, ఇనప పెట్టె మోసుకుంటూ, డీజిల్ వాసనతో ఎదురొచ్చేవాడు. ఇప్పుడు రిటైరై, సబ్బు వాసనతో ఎదురొస్తున్నాడు. అంతే తేడా.

"ఏటి బాబాయ్, ఈసారి ఏటైనాది?"

"గొంతులో సేపముల్లు."

ఎప్పుడూ అదే. డాక్టరు టార్చి వేసి చూసేవాడు. ఏమీ కనబడేది కాదు. "లోపలికి దిగిపోయినాది సార్. గొట్టం ఎయ్యండి" అనేవాడు ఆమోసు. ముక్కులోంచి గొంతుదాకా వెళ్ళే కెమెరా గొట్టం అది. దాన్ని చూస్తేనే జనం కుర్చీలో వెనక్కి జరుగుతారు. ఆమోసు ముందుకు జరిగేవాడు.

డాక్టరు మిద్నాపూర్ బెంగాలీ. చేపముల్లు అన్నవాణ్ణి చూడకుండా పంపడం ఆయన వంశంలో లేదు. "కీ మాఛ్?" అనేవాడు, ఏ చేప అని.

"ఇలిస."

మరోసారి రుయి. ఇంకోసారి కోయి. ఒకసారి చేపలన్నీ అయిపోయి, "రొయ్య" అన్నాడు.

"రొయ్యకు ముల్లుండదు దాదా." అన్నేళ్ళు ఖరగ్‌పూర్‌లో ఉండి డాక్టరుకు తెలుగు వచ్చేసింది.

"నానూ అదే అనుకున్నాను సార్. మరి ఏటి గుచ్చుకున్నాదో సూడండి."

గొట్టంతో ఆగేవాడైతే బాగుండేది. సైనస్ ఫొటో తీసే సీటీ స్కాన్ సెంటరుకు వెళ్ళి, అక్కడి రాబిన్‌ని బతిమాలాడు. చీటీ లేకుండా మిషను వెయ్యనని రాబిన్ అంటే, "ఎయ్యొద్దు బాబు. ఊరికే పడుకుని లేస్తాను" అన్నాడు. పడుకుని, రింగులోకి తల పెట్టి, కళ్ళు మూసుకుని, లేచి, దుమ్ము దులుపుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు దేముడు అనే ముసలాయన అదే స్కానుకు వచ్చాడు. సొరంగంలో తోసేస్తారని అప్పటిదాకా మొండికేసినవాడు, "ఇది సొరంగం కాదంట కదా, చేతిగాజులాంటిదంట" అంటూ తనంతట తనే ఎక్కి పడుకున్నాడు. ఎవరు చెప్పారని రాబిన్ అడగలేదు.

మీనాకుమారి దగ్గరా అదే తంతు. చప్పుడు చొరబడని అద్దం గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినబడితే బటన్ నొక్కమంటే, ఆమె కూత పంపకముందే నొక్కేవాడు. గ్రాఫు చూస్తే పాతికేళ్ళ కుర్రాడి చెవులు.

"డీజిల్ ఇంజన్ల మీద బతికినోడికి ఈ చెవులెక్కడివి బాబాయ్? సరిగ్గా చెయ్యి."

"నా సెవుల సంగతి నీకెందుకే అమ్మీ. గదిలో ఊపిరాడతాదా నేదా సూద్దామని ఒచ్చినాను. ఆడతన్నాది. ఎల్తాను."

ఆ ఏడాది ఎండాకాలం ఎలీసమ్మ గొంతు పోయింది. తెలుగు చర్చిలో ఏ పాటైనా ఎత్తుకోవలసింది ఆవిడే. గొంతు బొంగురుపోయి, వారాలు గడిచినా తేరుకోలేదు. ఇన్నాళ్ళ బొంగురును ఊరికే వదలకూడదు, లోపల ఏముందో చూడాలి అన్నాడు డాక్టరు. గొట్టం చూడగానే ఎలీసమ్మ కుర్చీ దిగి, చెప్పులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. చెప్పులు పట్టుకుని మీనాకుమారి ఆవిడ ఇంటికి వెళ్ళింది.

"పిన్నీ, పాడు కంతి అయితే? ఆలస్యం చెయ్యకూడదు."

"ఆ గొట్టం గీసుకుంటే ఉన్న గొంతూ పోతాది. పాట నేకపోతే నానేటి సేసుకుంటానే" అంది ఎలీసమ్మ, గాలిలాంటి గొంతుతో.

చెప్పులు తీసుకుంది గాని మాట తీసుకోలేదు.

సోమవారం ఆమోసు వచ్చాడు. ఈసారి గొంతులో పార్శే చేప ముల్లు.

"మొన్ననేగా దాదా వేశాను?" అన్నాడు డాక్టరు.

"నిన్నటి లైను ఇయ్యాల బాగుంటాదని గేరంటీ ఏటి సార్."

గొట్టం దిగింది. "ఈ" అనమంటే "ఈ" అన్నాడు. బయటికి తియ్యగానే లేచి నిలబడి, క్లినిక్ అదిరేలా కీర్తన ఎత్తుకున్నాడు. బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. రెండో చరణం అయ్యాక, "పాట పోనేదు" అని గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు. గొడుగు మరిచిపోయాడు.

మధ్యాహ్నం ఆయన భార్య దోర్కా గొడుగు కోసం వచ్చింది.

"బాబాయ్‌కి చేపలు కొంచెం తగ్గించు పిన్నీ. వారానికో ముల్లు."

దోర్కా ఆమెను వింతగా చూసింది. "సేపలేటి? పక్కింట్లో సేప ఏపితే మా కిటికీ మూసేస్తాడు. పుట్టి బుద్దెరిగి ఆయన సేప ముట్టినేదు."

మీనాకుమారి గొడుగు వదలకపోతే దోర్కాయే లాక్కుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు ఎలీసమ్మ వచ్చి, ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

"ముందు మందు కొడతారు, సేదుగా ఉంటాది. ముక్కు మొద్దుబారతాది. గొట్టం సైకిలు వాల్వు ట్యూబంతే. కళ్ళంట నీళ్ళొస్తాయి, అది ఏడుపు కాదు. 'ఈ' అనమంటారు. కానియ్యి బాబు."

"ఎవరు చెప్పారు పిన్నీ ఇదంతా?"

"ఇంకెవరు, ఆమోసన్న. పెద్దసార్ల స్పెషల్ బండి ముందర ఒట్టి ఇంజనొకటి ఎల్లేది, గేపకం నేదా? పట్టా బాగుందో నేదో సూడ్డానికి. అన్న అది తోలినోడు. పొద్దున్న సేపముల్లని సెప్పి గొట్టం ఎయ్యించుకుని, ఇక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికొచ్చి పాడి మరీ సూపించినాడు. ఎలీసమ్మా, లైన్ క్లియర్, నువ్వు ఎల్లు అన్నాడు."

గొట్టం దిగింది. పాడు కంతి కాదు. స్వరతంతువు మీద చిన్న కాయ, అరిచి పాడడం వల్ల వచ్చింది. కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటే పోతుందన్నాడు డాక్టరు. ఎలీసమ్మ నోరు మూసుకుని కూర్చున్న ఆ రోజుల్ని ఆమె కోడలు ఇప్పటికీ ముద్దుగా తలుచుకుంటుంది.

వానలు వెనకపట్టేసరికి ఎలీసమ్మ చర్చిలో మళ్ళీ పాట ఎత్తుకుంది. ఎత్తుకున్న మొదటి ఆదివారమే ఒక సంగతి కనిపెట్టింది. అందరూ మూడో చరణంలో ఉంటే ఆమోసు రెండోదాంట్లో ఉన్నాడు.

మంగళవారం దోర్కా, ఎలీసమ్మ చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని క్లినిక్‌కు తీసుకొచ్చారు. ఎన్నోసార్లు తనంతట తనే వెళ్ళి కూర్చున్న అద్దం గది తలుపు దగ్గర ఆమోసు ఆగిపోయాడు. ముఖాన చెమట. తెల్లచొక్కా కూడా వేసుకోలేదు.

"ఏటి బాబాయ్, నీకు కొత్తా?"

"అవన్నీ ఉత్తుత్తివే అమ్మీ. ఇది నాకు." గొంతు తగ్గించి అన్నాడు, "వినపడనేదని రాస్తే అన్‌ఫిట్ సేసి ఇంజను దించేస్తారు."

"దిగి ఎన్నేళ్ళయినాదో" అంది దోర్కా.

ఆయన వినిపించుకోలేదు. నిజంగానే వినపడలేదేమో. తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు.

ఎలీసమ్మ ఆయన చెయ్యి మెల్లగా తప్పించి, లోపలికి వెళ్ళి కూర్చుని, హెడ్‌ఫోన్లు తనే పెట్టుకుంది.

"ముందు నాకు సెయ్యి మీనమ్మా."

"నీకేటి బాధ పిన్నీ?"

ఎలీసమ్మ తలుపు దగ్గరున్న ఆమోసు వైపు చూసింది.

"సెవిలో సేపముల్లు."

మీనాకుమారి ఆమోసు ముఖం చూసింది. చెమట తుడుచుకుంటున్నాడు, పెదవి చివర కదులుతోంది. ఆమె పెన్ను తీసి, డాక్టరు గొంతుతో గంభీరంగా అడిగింది.

"కీ మాఛ్?"