చామంతులకి వల కట్టిన మా బావగారు

ముందుగా ప్రమాణం చేసేస్తాను. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసుకునేవాణ్ని కాబట్టి నా కాటా మీద ఒట్టేస్తే ఊళ్లో నవ్వుతారు. పిల్లల మీద వేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు, ‘మీ కథలకి నా పిల్లల్ని పూచీ పెట్టకండి’ అంటుంది. అందుకని చెప్పులు విప్పి, ద్వారకా తిరుమల కొండ వైపు తిరిగి, చేతులు జోడించి చెబుతున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. నమ్మకం లేనివాళ్లు ఏలూరు వెళ్లి మా అక్కని అడగండి. మా బావగారిని మాత్రం అడక్కండి. ఆయన జరిగింది చెప్పరు, జరగవలసింది చెబుతారు.

మా బావగారికి మండవల్లి పక్కన వరి చేలున్నాయి, చేపల చెరువులున్నాయి. ఉండేది మాత్రం ఏలూరులో. పొద్దున్నే మోటారు సైకిలు మీద వెళ్లి, చేనుని ఒక చూపు, చెరువుని ఒక చూపు చూసి మధ్యాహ్నం భోజనానికి తిరిగొస్తారు. ఆ రెండు చూపులతో లోకంలో ఉన్న వ్యవసాయమంతా తనకి వచ్చేసిందని ఆయన నమ్మకం. డాబా మీద అక్క నాలుగు మొక్కలు వేసుకుంటే, వాటికీ ఆయనే పెద్దరైతు. నీళ్లు మొయ్యడం అక్క పని, ఎరువు కలపడం అక్క పని, పురుగులు ఏరడం అక్క పని. మొక్కల పక్కన నిలబడి ఫోటో దిగి కాలనీ మొక్కల గ్రూపులో పెట్టడం బావగారి పని.

ఆ గ్రూపు గురించి కూడా చెప్పుకోవాలి. రోజూ ఎవరో ఒకరు మందారప్పువ్వుకి గుడ్ మార్నింగ్ తగిలించి వదులుతారు. కింద ఇంకొకరు దణ్ణం బొమ్మ పెడతారు. చేతికి తొడుగులు, తలకి టోపీ, మెడలో చిన్న కత్తెర వేసుకుని కొత్తిమీర కోసే మనుషుల్ని నేను మొదటిసారి అక్కడే చూశాను. మా గూడెంలో కొత్తిమీర కట్ట ఇంత అనాగరికంగా దొరుకుతుందే అని సిగ్గేసింది.

పోయిన ఏడాది అక్కకి మోకాలు పట్టేసింది. డాక్టరు ఆపరేషన్ అన్నాడు. అక్క వెంటనే చిన్న తిరుపతి అని మేం పిలుచుకునే ద్వారకా తిరుమల స్వామికి మొక్కుకుంది: కత్తి పడకుండా మోకాలు బాగైతే, కార్తీకంలో తన చేత్తో పెంచిన చామంతులతో, తన చేత్తో కట్టిన దండ తెచ్చి సమర్పిస్తానని. మోకాలు బాగైంది. మందులకా, కసరత్తుకా, స్వామికా అని నేను అడగలేదు. అడిగితే భోజనం పెట్టదు. ఆ మోకాలితోనే రోజూ మెట్లెక్కి, బావగారు కడియం నర్సరీ నుంచి తెచ్చిన పెద్దపూల చామంతులకి నీళ్లు పోసింది. వాటి పక్కన పాత పెయింటు డబ్బాలో ఒక నాటు పిలక కూడా ఉండేది. అది మా పెరట్లోంచి నేను తెచ్చి ఇచ్చింది. బావగారు దాన్ని ఫోటోల్లో రానిచ్చేవారు కాదు. కార్తీకం వచ్చేసరికి కుండీలన్నీ మొగ్గలతో నిండాయి. అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది.

నేను తుఫాను తాకే ముందు రోజే సరుకు బాకీ పని మీద ఏలూరు వెళ్లి అక్క ఇంట్లో దిగాను. టీవీలో ఒకాయన వానకోటు వేసుకుని ఎర్రటి ఎండలో నిలబడి వణుకుతున్నాడు. మొక్కల గ్రూపు కళకళలాడుతోంది. మొక్కల్ని పడగ్గదిలో పెట్టుకోమని ఒకావిడ. మొక్క చెవిలో ధైర్యం చెప్పమని ఇంకొకావిడ. మొక్కకి చెవెక్కడుందో మాత్రం ఆవిడ చెప్పలేదు.

అక్క డాబా మీద నిలబడి మొగ్గల్ని చూస్తోంది. “ఒరేయ్, ఇవి పోతే నా మొక్కు ఏమవుతుందిరా?” అంది. నవ్వులాటకి అడగలేదని గొంతులోనే తెలిసింది.

“ఏం పోవు” అన్నాను. “కుండీలన్నీ గోడ వారకి చేర్చి, పక్కకి పడుకోబెట్టెయ్. గాలి మీద నుంచి పోతుంది. తుఫాను వెళ్లాక లేపుకో. మా ఇంట్లో ఎప్పుడూ అదే చేస్తాం.”

బావగారు అప్పుడే మెట్లెక్కి వస్తున్నారు. పడుకోబెట్టడం అన్న మాట చెవిన పడగానే, ఎవరో ఆయన వంశం మీద నింద వేసినట్టు ఆగిపోయారు.

“ఏంటయ్యా అన్నావు? పడుకోబెట్టాలా? చేను పడిపోతే రైతు గుండె పడిపోతుందయ్యా. నిలబడ్డ పైరుని నా చేత్తో నేనే పడగొట్టుకోవాలా?”

“ఇది పైరు కాదు బావగారూ, కుండీ.”

“నువ్వు ఉల్లిపాయలమ్ముకునేవాడివి. బస్తాలో ఉల్లిపాయ పడుకున్నా ఒకటే, కూర్చున్నా ఒకటే. మొక్కకి నిలబడటమే ప్రాణం. నీకేం తెలుస్తుందిలే.”

మా ప్రాంతంలో గాలివానకి వరి పడిపోతే, నాలుగైదు దుబ్బులు కలిపి లేపి, వాటి ఆకులతోనే చుట్టి, ఒకదానికొకటి ఆనుకునేలా కట్టలు కడతారు. గింజ నీళ్లలో నానకుండా ఉంటుంది. మంచి పనే, కాదనను. కానీ చేలో దుబ్బుకి కింద భూమి ఉంది. డాబా మీద కుండీకి కింద సిమెంటు ఉంది. ఈ చిన్న తేడా రెండు చూపుల వ్యవసాయంలో కనపడదు.

బావగారు పంచె ఎగ్గట్టారు. చామంతుల్ని నాలుగేసి చొప్పున దగ్గరికి లాగి, మొదళ్ల దగ్గర పురికొసతో కట్టలు కట్టారు. ఆ కట్టల్ని మళ్లీ ఒకదానికొకటి కట్టారు. చివరికి డాబా మీద ఉన్న చామంతి జాతంతా ఒకే కుటుంబమైపోయింది. పెయింటు డబ్బా దగ్గరికి వచ్చేసరికి పురికొస అయిపోయింది.

“దీని సంగతండీ?” అంది అక్క.

“పోతే పోనీవే. గూడెం సరుకు.”

నా వైపు చూసి మరీ అన్నారు.

తరవాత కిందకి వెళ్లి, భుజం మీద ఏదో మూటేసుకొచ్చారు. విప్పితే చెరువులో చేపలు పట్టే పాత వల. విప్పకముందే వాసనకి నేను గుర్తుపట్టాను.

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “ఏవండీ! కార్తీక మాసమండీ! దేవుడి పువ్వుల మీద నీచు వల కప్పుతారా?”

“పసుపు నీళ్లతో కడిగానే.”

“పసుపు నీళ్లతో కడిగితే వల వల కాకుండా పోతుందా?”

“గాలి వెళ్లిపోతుంది, మొక్క ఆగుతుంది. బరకం పట్టా కప్పితే గాలికి ఎగిరిపోతుంది. వలకి కన్నాలుంటాయి. సైన్సే ఇది.”

కన్నాల్ని సైన్సు కింద జమకట్టిన మొదటి మనిషి మా బావగారే. ఇంకో అంతస్తు వేస్తామని పదేళ్లుగా పైకి వదిలేసిన పిల్లర్ చువ్వలకి ఆ వల నాలుగు చెరగులూ పాత తాడుతో బిగించి, పక్కన నిలబడి ఫోటో దిగారు. గ్రూపులో అరక్షణంలో దణ్ణాలు మొదలయ్యాయి. నన్ను ఎవరూ ఫోటో తియ్యలేదు. నేను పెయింటు డబ్బా పక్కన నిలబడ్డాను కాబట్టి.

మర్నాడు పొద్దున్న గాలి మొదలైంది. దాన్ని గాలి అనకూడదు. వీధి చివర కొబ్బరిచెట్టు తల వంచి, వంచి, ఎదురింటి అరుగు దాకా వంగింది. ఆ ఇంటాయన అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెయ్యి చాచి ఒక బొండాం తెంపుకున్నాడు. చెట్టు మళ్లీ నిటారుగా లేచింది. ఆయన దానికి థాంక్స్ కూడా చెప్పలేదు. ఏలూరు మనుషులకి మర్యాద ఎక్కువంటారు గానీ, అది అండీ అని పిలవగలిగిన వాళ్లకే.

మేము ముగ్గురం హాల్లో కూర్చున్నాం. కరెంటు పోయింది. బావగారు చెయ్యి పైకెత్తి చూపించారు.

“విన్నావా? ఒక్క కుండీ పడ్డ చప్పుడు లేదు.”

“లేదండి” అన్నాను.

“మరి? నువ్వు చెప్పినట్టు పడుకోబెట్టుంటే ఈపాటికి...”

మధ్యాహ్నం గాలి కాసేపు తగ్గి, ఈసారి రెండో వైపు నుంచి కొట్టింది. పైన ఏదో పెద్ద జంతువు పక్కకి ఒత్తిగిలినట్టు ఒకే ఒక్క చప్పుడు. ఒక్కొక్క కుండీ పడితే టప్పు టప్పుమని వినపడేది. ఇవన్నీ చెయ్యీ చెయ్యీ కట్టుకున్నవి కదా, ఒకటి పడగానే అన్నీ దాన్ని అనుసరించాయి. వాటి మీది వల గాలికి ఉబ్బి, చువ్వల నుంచి ఊడి, తనలో చిక్కుకున్న చామంతి కట్టల్ని కుండీల్లోంచి వేళ్లతో సహా లాక్కుని గోడ దాటింది. కిటికీ ముందు నుంచి పచ్చగా ఏదో కిందకి వెళ్లడం ముగ్గురం చూశాం. ముగ్గురిలో ఒకరు మాత్రం చూడలేదన్నారు.

గాలి నెమ్మదించగానే ముందు వీధిలోకి దిగింది అక్క. మోకాలు లోతు నీళ్లు. బాగుచేయించుకున్న ఆ మోకాలితోనే దిగింది. కాలవ పొంగి వీధంతా పారుతోంది. వల ఆ నీళ్లకి అడ్డంగా, ఎవరో తెలిసినవాడు ఒడుపుగా పరిచినట్టు పరుచుకుని ఉంది. నేనూ బావగారూ చెరో కొసా పట్టి లాగాం. బరువుగా వచ్చింది. చామంతి మొక్కలు బురదలో ఉన్నాయి, మొగ్గలు నలిగి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఇంత పొడుగు కొర్రమీను ఒకటి ఎగిరి, బావగారి గుండెల మీద తోకతో కొట్టి పడింది.

వలని తప్పు పట్టడానికి లేదు. అది పుట్టి బుద్ధెరిగిన పని అదొక్కటే. చామంతుల్ని కాపాడమని దానికి ఎవరు నేర్పారు?

వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. చేప కళ్లు తెరిచి బావగారిని చూసింది, బావగారు చేపని చూశారు. కార్తీకంలో ఉపవాసాలుండే మనిషి. ఆ చూపులో నేను చూసినంత విరహం పెళ్లి చూపుల్లో కూడా చూడలేదు.

“తీసుకెళ్లి వదిలెయ్యండి” అంది అక్క. ఆవిడ చేపని చూడటం లేదు. ఒక మొగ్గ చేతిలోకి తీసుకుని, వాసన చూసి, కింద పెట్టేసింది. “ఇవి ఇంక స్వామికి పనికిరావు. నీచు తగిలింది.”

“కడిగితే...” అన్నారు బావగారు.

“పసుపు నీళ్లతోనా?”

ఆ తరవాత ఆయన కొర్రమీనుని బకెట్లో వేసుకుని కాలవ దాకా వెళ్లి వదిలొచ్చారు. కాస్త ఆలస్యంగానే వచ్చారు.

అక్క మెట్లెక్కింది. నేను వెనకాలే వెళ్లాను. డాబా కడిగినట్టు ఖాళీగా ఉంది. కుండీలు పగిలి, మట్టి పారిపోయి, చువ్వలకి తాడు ముక్కలు వేలాడుతున్నాయి. నీళ్ల ట్యాంకు దిమ్మ పక్కన, గోడకి ఆనుకుని, పెయింటు డబ్బా పడుకుని ఉంది. దాన్ని ఎవరూ కట్టలేదు కాబట్టి మొదటి గాలికే పడి, దొర్లుకుంటూ వెళ్లి మూలకి చేరింది. అక్కడ దాని జోలికి ఎవరూ రాలేదు. ఆకులు చిరిగాయి, ఒక కొమ్మ విరిగింది. మొగ్గలు మొగ్గల్లాగే ఉన్నాయి.

అక్క వంగి దాన్ని నిలబెట్టింది. కొంగుతో ఆకుల మీది మట్టి తుడిచింది.

నాటు చామంతి పువ్వు చిన్నది, చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దదేమో. కార్తీకం అయిపోయే లోపల ఉన్నవన్నీ విచ్చుకున్నాయి. అక్క అన్నీ కోసి, దగ్గర దగ్గరగా దండ కడితే మూర కూడా రాలేదు.

“ఇదేం దండే, స్వామికి కంకణమా?” అన్నారు బావగారు. “బజార్లో నాలుగు మూరలు కొని మధ్యలో కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?”

“ఎవరికి మొక్కానో ఆయనకి తెలుస్తుందండి” అంది అక్క, దారం కొస ముడి వేస్తూ. “ఎంత పొడుగని నేను మొక్కలేదు.”

ద్వారకా తిరుమలకి ముగ్గురం కలిసే వెళ్లాం. మా ముందూ వెనకా మనుషులు గంపలకొద్దీ పూలు మోస్తున్నారు. అక్క విస్తరాకులో చుట్టిన, మూరైనా లేని ఆ దండని రెండు చేతులతో పట్టుకుంది. వాహనం దిగి మెట్లు నడిచే ఎక్కింది. అర్చకుడు విప్పి చూసి, “మీరు పెంచినవాండీ?” అని అడిగాడు. అవునంది. స్వామి పాదాల దగ్గర పెట్టాడు. మెడకి చాలనిది పాదాలకి సరిపోయింది. అక్క కళ్లు మూసుకుంది. మొక్కు తీరింది.

బయటికి వచ్చాక బావగారు మండపం పక్కన నన్ను ఆపారు. ఆయన కళ్లలో నీళ్లు. నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు చెప్పినట్టు పడుకోబెడితే సరిపోయేదయ్యా. నాదే తప్పు” అన్నారు.

ఇక్కడ ఆగాలి. మొదట్లో కొండ వైపు తిరిగి ఒట్టేశాను కదా, ఆ కొండ దగ్గరికే వచ్చాం కాబట్టి ఒప్పేసుకుంటాను. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. కొబ్బరిచెట్టు వంగడం నిజం, బొండాం నిజం. వలలో కొర్రమీను పడటం నిజం, అది ఆయన్ని కొట్టడం ఇంకా నిజం. కల్పించింది పై పేరాలో మా బావగారి కన్నీళ్లూ, ఆ ఒక్క మాటా. నాకు వినాలని ఉంది, ఆయన అనలేదు, అందుకని నేనే రాసుకున్నాను.

మండపం పక్కన ఆయన నన్ను ఆపిన మాట నిజమే. పులిహోర ప్రసాదం నోట్లో వేసుకుంటూ అన్నది ఇది:

“ముడి గట్టిదేనయ్యా. తాడు పాతది.”