డోన్ వెయిటింగ్ హాల్లో మూడు క్లిక్కులు

మర్నాడు గుండె ఆపరేషన్ జరగాల్సిన మా పాప డోన్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కిటికీ పక్కన నిద్రపోతోంది. ఒక్క మంచి ఫోటో కావాలని నా తాపత్రయం. ముఖం కుదిరితే కిటికీ తెల్లగా మండిపోతోంది, కిటికీ కుదిరితే ముఖం నల్లబడుతోంది.

పెళ్లిళ్లకు ఫోటోలు తీసే పెద్దాయన ఒకరు చూసి, వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నారు.

"కెమెరా నా భుజం మీద ఆనించమ్మా. షటర్ వేగం ఒగటే మార్చి మూడు తీయి. ఎండకొగటి, ముఖానికొగటి, నడుమ ఒగటి. ఇంటికి పోయి కంప్యూటర్లో మూడూ ఒగటే ఫోటోగా కలుపుకో."

మూడు క్లిక్కులూ అయ్యేదాకా ఆయన ఊపిరి బిగబట్టారు.

"వచ్చే ఏడాదికి ఇట్లా కుదురైంది ఒగటి కూడా దొరకదులే నీకు, పాప ఉరుకుతాంటాది," అని నవ్వారు.

ఆపరేషన్ సంగతి ఆయనకు తెలియదు. వచ్చే ఏడాది అన్న మాట ఆ నెలంతా నాతో ఎవరూ అనలేదు.

ఈ ఏడాది తీసిన ఫోటోలన్నిటిలో పాప పరిగెత్తుతూ మసకగానే పడింది. ఒక్కటీ చెరపలేదు.