కుమారీబాయి తొలి సంతకం

మొన్న మా బడి ఆఫీసులో ఒక తల్లి కూతురి టీసీ కోసం వచ్చి స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్దింది. ఆ సిరా వాసన తగలగానే అన్నపూర్ణ మేడం గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే వెనకే కుమారీబాయి కూడా వస్తుంది. ఇన్నేళ్లయినా మేడంని ఒక్కరినే తలచుకోవడం నాకు సాధ్యపడలేదు. నా బాధంతా అదే.

రాయపూర్ అవతల ధర్సీవా దగ్గర పల్లెలోని బడికి నేను కొత్తగా పంతులమ్మగా చేరినప్పుడు మేడం అక్కడ హెడ్‌మిస్ట్రెస్. ఆవిడవీ మావీ రైల్వే కుటుంబాలు, ఇద్దరి పెద్దలూ శ్రీకాకుళం వైపునుంచి రాయపూర్ వచ్చినవాళ్లు. ఊళ్లోని తెలీబంధా నుంచి వెళ్లే పొద్దుటి బస్సులో ఆవిడ పక్క సీటు నాది. "ఏటే పద్మా, టిఫిను తిన్నావా, ఐసే హీ ఖాళీ కడుపుతో వచ్చీసావా?" అనేవారు. అల్లరి పిల్లాణ్ణి ఎలా దారిలో పెట్టాలో, పై అధికారికి ఉత్తరం ఎలా రాయాలో ఆ బస్సులోనే నేర్పారు. మా ఇంట్లో ఐదుగురు పిల్లల్లో నేను నాలుగోదాన్ని. ఒక మనిషి నా ఒక్కదాని మాటే వింటూ కూర్చోవడం నాకు అదే మొదలు.

ఆ రోజుల్లోనే రాజ్యాంగాన్ని సవరించి పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్లకు కేటాయించారు. మా పల్లె సర్పంచి పదవి అందులో పడింది. అంతవరకూ పెత్తనం చేసినాయన తన భార్య కుమారీబాయి చేత నామినేషన్ వేయించాడు. ఆమె గెలిచింది. మొదటి సమావేశం మా బడి వరండాలో జరిగింది. కుర్చీలో భర్త కూర్చున్నాడు. సర్పంచి కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవార నేల మీద కూర్చుంది. కార్యదర్శి వంగి ఆమె వేలు పట్టుకుని రిజిస్టరులో ముద్ర వేయించాడు. డిగ్రీ చదివిన నాకు సర్కారు ఉద్యోగం ఉంది కాబట్టి పోటీ చేసే వీలే లేదు. ఆమెను చూసి నాకు జాలి కలగాల్సింది. ఈమెకా ఈ పదవి, అని ఒళ్లు మండింది.

మర్నాటినుంచి బడి వదిలాక మేడం ఆమెకు అక్షరాలు నేర్పసాగారు. "చట్టం కుర్చీ ఇచ్చీసింది. అందులో మొగుడు కూకున్నాడు. ఏ కాగితం మీద వేలు వేయిస్తన్నాడో ఈవిడికి తెలియొద్దేటి?" అన్నారు. నేను సాయంత్రం బస్సు ఒక్కదాన్నే ఎక్కేదాన్ని. పొద్దుటి బస్సులో కూడా ఆవిడ నోట వేరే మాట లేదు. "నిన్న తన పేరు తనే రాసిందే పద్మా, పూరా!" అని ఆవిడ మురిసిపోతుంటే నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. నా గురించి ఎవరి దగ్గరైనా ఇలా మురిసి చెప్పారా అని లోలోపల వెతుక్కునేదాన్ని.

మేడం జ్వరంతో సెలవు పెట్టిన రోజు కుమారీబాయి రిజిస్టరును కొంగు కింద దాచుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏలా పఢ్ దేవ్ నా మేడం, ఓ హా దస్ఖత్ మాంగత్ హే" అంది. ఇది చదివిపెట్టండి, ఆయన సంతకం అడుగుతున్నాడు అని. బడి వెనకాల ఆటస్థలాన్ని ఆమె మరిది ఇటుకల బట్టీకి ఇవ్వాలన్న తీర్మానం అది. అంతా చదివాను, మనసులోనే. ఈమె తప్పు చెయ్యాలి, అది మేడం చూడాలి. ఆ క్షణాన నాకు కావలసింది అంతే.

"ఏం లేదు, మామూలు కాగితమే. పెట్టెయ్" అన్నాను హిందీలో.

ఆమె వంగి, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, పేరంతా రాసింది. రాసి నావైపు తిప్పి చూపించింది.

నెల తిరక్కుండా ఆటస్థలంలో మట్టి తవ్వారు. ఎవరు చదివిపెట్టారో మేడంకి తెలిసింది. బస్సులో అడిగారు.

"చదివే సంతకం పెట్టమన్నావా?"

"అవును మేడం."

"ఆవిడికి చదువు రాదమ్మా. నీకొచ్చు."

ధర్సీవాలో బస్సు దిగుతూ, "ఎల్లి నువ్వే చెప్పు ఆవిడితో" అన్నారు.

వెళ్లి చెప్పాను. కుమారీబాయి కొంగు పక్కకి తీసి నన్ను నేరుగా చూసింది. "మోర్ పహిలీ దస్ఖత్ రహిస్, మేడం" అంది. అది నా మొదటి సంతకం, అని. తిట్టినా బాగుండేది.

తర్వాతి గ్రామసభలో ఆమె లేచి, ఆ తీర్మానం అందరిముందూ చదవమంది. ఒంట్లో బాగోలేదని చెప్పి భర్త ఆమెను ఇంటికి పంపేశాడు. ఆ నేల తిరిగి రాలేదు. మరుసటి ఎన్నికలకు రిజర్వేషను వేరే పల్లెకు మారింది, భర్త ఈసారి తన పేరుతోనే కుర్చీ ఎక్కాడు. కుమారీబాయి ఇప్పుడు వార్డు మెంబరు కూడా కాదు. అయినా ప్రతి గ్రామసభలోనూ లేచి, ముందు చదవండి అంటుందట. చదవక తప్పడం లేదట.

మేడం నన్ను వెలివేయలేదు. బస్సులో సీటు అలాగే ఉంచారు, పాఠాలూ చెప్పారు. కానీ రిటైరైన రోజు సభలో తన పక్కన కుమారీబాయిని కూర్చోబెట్టుకున్నారు. నేను వరండా చివర నిలబడి దండలు అందించాను.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరు ఏ కాగితం తెచ్చినా మొదటి వరస నుంచి చివరి వరస దాకా పైకి చదివి, అర్థమైందా అని అడిగి, ఆ తర్వాతే కలం ఇస్తాను. ఇది మీకు మీ మేడం నేర్పిన అలవాటా అని కొత్త టీచర్లు అడుగుతుంటారు. అవునని చెప్పుకోవాలని ఎంతో ఉంటుంది. కానీ నేర్పింది కుమారీబాయి. అందుకు కూడా ఆమె మీద అసూయే నాకు.