ఏ చక్రం అరుస్తోందమ్మా?

మా మావయ్యగారు పోయిన మంగళవారం ఏలూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా తాడేపల్లిగూడెంలో ఆయన నడిపిన ఉల్లిపాయల కొట్టు గురించి, ఆయన మాట మంచితనం గురించి చెప్పుకున్నారు. కోడలినైన నాకు మాత్రం లుంగీ ఎగ్గట్టి కారు చక్రం పక్కన గొంతుక్కూర్చున్న మనిషే గుర్తొచ్చారు.

కారు బ్రేకు కీచుమంటే ఆయనకు అన్నం సహించేది కాదు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, వీధిలో మెల్లగా నడిపించి, తాను పక్కనే నడుస్తూ వినేవారు. "ఏ చక్రం అరుస్తోందమ్మా? ముందు అది తేల్చు. పొద్దున్నే రెండు మూడుసార్లు అరిచి ఊరుకుంటే రాత్రి పట్టిన చెమ్మ, భయంలేదు. రోజంతా అరిస్తే బ్రేకు ప్యాడ్ అరిగినట్టు. గరగరలాడిందా, ఇంక బండి కదపకూడదు" అనేవారు. కొత్త కోడలిగా ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. అత్తగారి చేపల పులుసు వంతు ఆ తర్వాతే వచ్చింది.

గణపవరంలో ఉండే ఆయన అన్నగారు, ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టిన అలవాటుకొద్దీ, అరుస్తున్న కారు బ్రేకులకూ కందెన పట్టించారట. "చప్పుడు పోయిందండీ. దాంతోపాటు బ్రేకూ పోయింది. తిన్నగా వెళ్ళి చేపల చెరువులో దిగాడు మా అన్నయ్య" అని మావయ్యగారు వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి నవ్వేవారు. ఆనక నాతో, "అరిచేదాని నోరు నొక్కకూడదమ్మా, ఎందుకు అరుస్తోందో చూడాలి" అనేవారు. మనవల విషయంలోనూ ఆయనది ఇదే పద్ధతి.

వయసు మీదపడ్డాక ఆయనకు కీచుమనే సన్నటి చప్పుళ్ళు వినపడటం మానేశాయి. మాటలు వినిపిస్తూనే ఉండేవి కాబట్టి ఆ సంగతి ఆయనకూ తెలియలేదు, మాకూ తెలియలేదు. రోజూ ఒక్కరే కారు తీసుకుని, ఇరుకు గట్టు మీదుగా కొల్లేటి పక్కనున్న మా చేపల చెరువుకు వెళ్ళివచ్చేవారు. ఆ ప్రయాణమంటే ఆయనకు ప్రాణం. ఒక సాయంత్రం ఆయన ఇంటి ముందు ఆగుతుంటే బ్రేకు వీధంతా వినపడేలా అరిచింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"మావయ్యగారూ, బ్రేకు అరుస్తోందండీ."

"నాకేం వినపడలేదే! ఏ చక్రం?"

"ముందు ఎడమదండీ."

వెంటనే జాకీ పెట్టి చక్రం విప్పారు. ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయింది, అది పట్టి ఆపే డిస్కు మీద గాట్లు పడ్డాయి. చాలా రోజులుగా అరుస్తూనే ఉందన్నమాట. ఆయన ఆ గాట్లను వేలితో తడుముతూ కూర్చుండిపోయారు.

మర్నాడు ప్యాడ్లూ డిస్కులూ తెప్పించి, ఒక్కవైపే మారిస్తే బండి పక్కకు లాగుతుందని రెండువైపులా మార్చారు. చేతులు కడుక్కుని వచ్చి తాళం నాకిచ్చారు.

"ఇంక నువ్వే నడుపమ్మా. నా చెవిని నమ్మడానికి లేదు."

నాకు ఏడుపొచ్చింది. "ఏడిస్తే రోడ్డు కనపడదు. గేరు వెయ్యి" అన్నారు.

అప్పటినుంచి ఆయన్ని చెరువుకు నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆ గట్టు మీద ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. పైగా "మా కోడలు నడుపుతుంటే నాకు నిద్రొస్తుందండీ" అని చుట్టాల ముందు గొప్పగా చెప్పేవారు. నాకున్న ధైర్యంలో సగం ఆ మాటే ఇచ్చింది.

నిన్న కారు దులుపుదామని లోపలి మ్యాట్లు తీశాను. ఆయన కూర్చునే ఎడమ సీటు ముందున్నది, కుడిపాదం ఆనేచోట చిల్లుపడింది. అటువైపు బ్రేకు ఉండదు. ఇన్నాళ్ళూ ప్రతి మలుపులోనూ ఆయన లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నారు.